ఫ్రీ కాన్సర్ట్‌కి 'వీఐపీ బ్యాండ్' అమ్మే అన్నతో జాగ్రత్త

డాలస్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఈయనెవరో వేరే చెప్పక్కర్లేదు. ఎవరు ఏ ట్రిప్పు అన్నా 'నేను చూసుకుంటా తమ్ముడూ' అని ముందుకొస్తాడే, ఆయనే. పేరు రాయను, రాస్తే పోస్టు లేపేయిస్తాడు. ఇంకా బ్రెజిల్‌లో, రియోలోనే ఉన్నా. ఒళ్లు మండిపోతోంది, అందుకే చల్లారకముందే రాసేస్తున్నా.

2025 మే 3న ఇక్కడి కోపకబానా బీచ్‌లో అమెరికన్ పాప్ సింగర్ లేడీ గాగా షో. వీపున బ్యాగులేసుకుని ఫ్రెండ్స్ అందరం బయల్దేరాం. బ్రెజిల్ వీసా, తిరిగెళ్లేటప్పుడు అమెరికా వీసా స్టాంపింగ్ ఉందా లేదా అన్న టెన్షన్, ఎయిర్‌పోర్టులో పడిగాపులు, అవన్నీ వదిలేయండి. షో ఫ్రీ అని మాకూ తెలుసు. సిటీ వాళ్లు, స్పాన్సర్లు కలిసి ఖర్చు పెడతారు, ఇసుకలో ఎవరైనా వచ్చి నిలబడొచ్చు. కాకపోతే 2024లో ఇదే బీచ్‌లో మడోన్నా షోకి 16 లక్షల మంది వచ్చారు. అంత జనంలో మనకి ఏం కనపడుతుంది అని ఒక భయం. అన్న కొట్టింది సరిగ్గా అక్కడే.

'స్టేజీ ముందే కంచె కట్టిన వీఐపీ ఏరియా ఉంటుంది. స్పాన్సర్ దగ్గర మనవాళ్లున్నారు. తలకి 180 డాలర్లు, బ్యాండ్ మీ హాస్టల్‌కే వస్తుంది.' నాకు అనుమానం వచ్చి ఏదో అడగబోతే 'ఇంతకీ ఏ ఊరు తమ్ముడూ మీది?' అన్నాడు. తణుకు అన్నాను. 'అరే, మా అత్తగారిది పక్కనే, ఉండ్రాజవరం!' ఇంకేముంది, ఉండ్రాజవరం అల్లుడు మోసం చేస్తాడా? అందరం జెల్‌లో (అమెరికాలో బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే యాప్) డబ్బు కొట్టేశాం.

బొటాఫోగోలో మేం దిగిన హాస్టల్‌కి ఎవరో కుర్రాడు వచ్చి కవరిచ్చి వెళ్లాడు. ఊదారంగు గుడ్డ బ్యాండ్లు, వాటి మీద క్యూఆర్ కోడ్ కూడా. వెంటనే అన్న వాయిస్ మెసేజ్: 'రాత్రి ఎనిమిదింటికి బయల్దేరితే చాలు, ముందే వెళ్లి ఎండలో మాడకండి.' కొంప ముంచింది ఈ సలహానే. హాస్టల్లో మిగతావాళ్లంతా పొద్దున్నే నీళ్లూ బ్రెడ్డూ పట్టుకుని మెట్రోకి పోతుంటే, పాపం అని మేం వాళ్లమీద జాలిపడ్డాం. వీఐపీలం కదా!

పోలీసు తనిఖీ దాటి, జనాన్ని తోసుకుంటూ కోపకబానా ప్యాలెస్ హోటల్ ఎదుట స్టేజీ గేటుకి చేరేసరికి తొమ్మిది దాటింది. గేటు దగ్గరున్న అమ్మాయి నా చెయ్యి పట్టుకుని టార్చ్ వేసింది. స్కానర్ తియ్యనే లేదు. బ్యాండ్‌ని బొటనవేలితో ఒక్కసారి రుద్దింది. ఆ రంగు ఆమె వేలికి అంటింది. నా మణికట్టు మీద అయితే అప్పటికే చెమటకి కారి ఊదా గీతలు పడ్డాయి. 'ఇవి ఎవరూ అమ్మరు, ఆహ్వానం ఉన్నవాళ్లకే' అని ఇంగ్లీషులో చెప్పి, పక్కకి జరగమని చెయ్యూపింది. మా వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

అక్కడ సిగ్నల్ లేదు. వెనక వీధుల్లోకి వచ్చి కాల్ చేస్తే, చేయగా చేయగా ఎత్తాడు. ఏమన్నాడో చూడండి. 'షో ఫ్రీ అని గూగుల్ కొడితే వస్తుంది కదా బ్రో. చదువుకున్నోళ్లు, అది కూడా నేనే చెప్పాలా? నేను తీసుకుంది కోఆర్డినేషన్ ఫీజు.' తమ్ముడు కాస్తా బ్రో అయిపోయాడు, ఉండ్రాజవరం ఊసే లేదు. మరి బ్యాండ్ ఏంటి అంటే 'అది సావనీర్' అన్నాడు. సావనీర్ అట! నేను గొంతు పెంచగానే 'రెండొందల డాలర్లకి ఇంత దిగజారతారనుకోలేదు' అని నాకే నీతులు చెప్పి పెట్టేశాడు. దిగజారింది నేనట!

ఆ రాత్రి బీచ్‌కి 21 లక్షల మంది వచ్చారని సిటీ లెక్క. పైసా ఇవ్వకుండా పొద్దున్నే వచ్చినవాళ్లు స్టేజీకి ఎదురుగా ఉన్నారు. డబ్బు కట్టిన మేం ఎక్కడో వెనక, స్పీకర్ టవర్ పక్కన, తెర మీద సగం చూశాం, ఆ సగానికి కూడా ఎవరిదో జెండా అడ్డం. బీరు అమ్మే పెద్దాయన ఒకడు తన ఐస్ బాక్సు మీద నిలబడనిచ్చి చిల్లర తీసుకున్నాడు. ఈ ట్రిప్పులో డబ్బిస్తే నిజంగా దొరికిన వీఐపీ సీటు అదొక్కటే.

గ్రూపులో పెట్టాను. 'మనలో మనకి గొడవలెందుకు, పర్సనల్‌గా తేల్చుకోండి' అని అడ్మిన్ గారు మెసేజ్ లేపేసి, నన్నూ తీసేశారు. ఈలోగా ఒక కరీంనగర్ కుర్రాడు విడిగా మెసేజ్ చేశాడు. వాళ్ల బ్యాచ్‌కీ ఇవే బ్యాండ్లు అంటగట్టాడట. వాళ్లకి మాత్రం అత్తగారిది జమ్మికుంట అని చెప్పాడు. అయ్యా, ఎన్ని పెళ్లిళ్లండీ తమరివి?

బ్యాంకుకి ఫోన్ చేస్తే మీ అంతట మీరే పంపారు కదా అంటున్నారు. కంప్లయింట్ అయితే రాసుకున్నారు, వచ్చేది అనుమానమే.

ఏటా మేలో ఈ బీచ్‌లో పెద్ద షో పెడతామని సిటీ అంటోంది కాబట్టి చెప్తున్నా: దీనికి టికెట్ లేదు, బ్యాండ్ లేదు, ముందెళ్లినవాడిదే చోటు. గాజు సీసాలు తనిఖీ దగ్గరే తీసేస్తారు. ముఖం చూడని మనిషికి జెల్ చేయకండి, ఏ ఊరి అల్లుడైనా సరే.

అన్నట్టు ఈయన ఇప్పుడు ఇంకో గ్రూపులో 2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ డాలస్ మ్యాచ్‌లకి టికెట్లు ఇప్పిస్తానని అడ్వాన్సులు అడుగుతున్నాడు. ఇది రాసే 2025 మేకి మామూలు టికెట్ల అమ్మకాలే మొదలవలేదు. ఎవరైనా ఇచ్చి ఉంటే ఇవాళే అడగండి. వాయిస్ మెసేజ్‌లు, స్క్రీన్‌షాట్లు అన్నీ నా దగ్గరున్నాయి, కావాలంటే పంపిస్తా.