భూతద్దంతో కలిపి అమ్మిన నిఘంటువు

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు 1971 నాటి 'కాంపాక్ట్' ముద్రణ కొనమంటారా అని ఎవరైనా అడిగితే, ముందు వాళ్ల కళ్లు ఎలా ఉన్నాయో కనుక్కుంటాను. 1933 నాటి పదమూడు సంపుటాలను ఒక్క మాట కూడా తీసేయకుండా రెండింటిలోకి కుదించారు. ఎలాగంటే, పాత పుటలు నాలుగింటిని చిన్నవి చేసి ఒక్క పుటలో అచ్చు వేశారు. ఆ రెండూ పట్టే పెట్టె పైభాగంలో ఒక సొరుగు, అందులో భూతద్దం. అద్దం లేకుండా చదవగల వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది. అద్దం ఉన్నా దాని నడిమధ్యలోనే అక్షరం స్పష్టంగా ఉంటుంది, అంచులకు వచ్చేసరికి వంకర తిరుగుతుంది. అరగంట చదివితే మెడ పట్టేస్తుంది. అయినా దీన్ని వదులుకోను.

నేను ఎక్కువగా చదివేది 17, 18 శతాబ్దాల సైన్సు ఇంగ్లిష్. ఆ పుస్తకాల్లో తెలియని మాటతో పెద్ద చిక్కు లేదు, తెలుసనుకున్న మాటే బోల్తా కొట్టిస్తుంది. మామూలు నిఘంటువు ఇవాళ్టి అర్థం చెప్పి ఊరుకుంటుంది. ఇది పాత అర్థంతో మొదలుపెట్టి, ఏ అర్థం ఏ సంవత్సరంలో ఎవరి రాతలో కనిపించిందో వాక్యాలతో సహా వరసగా చూపిస్తుంది.

'ఇంజిన్' తీయండి. యంత్రం కోసం వెళ్లినవాడికి ముందు ఎదురయ్యేది పుట్టుకతో వచ్చిన తెలివి! లాటిన్ 'ఇంజీనియమ్' ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. తెలివి కాస్తా ఉపాయమైంది, ఉపాయం కుతంత్రమైంది, కోటల మీద ప్రయోగించే యుద్ధ పరికరమైంది. ఆవిరి యంత్రం వరకు రావాలంటే అద్దాన్ని చాలా దూరం జరపాలి.

'ఆల్కహాల్' కథ ఇంకా చిత్రం. అరబ్బీలో 'అల్ కుహుల్' అంటే కాటుక కోసం నూరిన సన్నని పొడి. 16వ శతాబ్దపు ఇంగ్లిష్‌లోనూ అది పొడే. తర్వాత, శుద్ధి చేసి తీసిన ఏ సారాన్నయినా అలా పిలవసాగారు. ద్రాక్షసారాయిని బట్టీలో కాచి తీసిన సారం 'వైన్ ఆల్కహాల్' అయింది. కాలక్రమంలో 'వైన్' రాలిపోయి వెనకమాట ఒక్కటే నిలిచింది. పాత వైద్యగ్రంథంలో ఈ మాట తగిలితే సీసా కంటే ముందు కల్వం గుర్తుకు రావాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం 'ఆటమ్'. మధ్యయుగంలో అది కాలాన్ని కొలిచే మాట కూడా: నిమిషంలో 376వ వంతు, అంటే గంటకు 22,560. ఆ కాలంలో అంత చిన్న క్షణాన్ని కొలిచే గడియారం ఎవరి దగ్గరా లేదు. పంచాంగ గణితం చేసేవాళ్లకు కాగితం మీద భిన్నాలు కుదిరితే చాలు కాబోలు. ఈ భాగం మొదట అచ్చయింది 1885లో. పరమాణువు లోపలి ఎలక్ట్రాన్‌ను జె.జె. థామ్సన్ కనుగొన్నది 1897లో. కాబట్టి పదార్థ పరమాణువు దగ్గరకు వస్తే, ఇక విభజించడానికి వీల్లేని కణమన్న పాత నమ్మకమే ఇక్కడ ఇంకా కొనసాగుతోంది. పాత మాటల అర్థం కోసం తెరిచిన పుస్తకమే పాతబడిందని అక్కడ తెలుస్తుంది.

దీని బలమూ బలహీనతా రెండూ అదే. మొదటి ముద్రణ 1884లో మొదలై భాగాలు భాగాలుగా 1928 దాకా సాగింది. ప్రధాన సంపాదకుడు జేమ్స్ మర్రీ 1915లో పోయాడు, పూర్తయిన నిఘంటువును చూడనే లేదు. క్యూరీ దంపతులు 1898లో ప్రకటించిన 'రేడియం' ఆ అక్షరం వంతు వచ్చినా అసలు నిఘంటువులో చోటు దక్కించుకోలేదు. దాని కోసం 1933 నాటి అనుబంధానికి పోవాలి. అందుకే సైన్సు మాట ఏదైనా రెండు చోట్ల వెతకడం నాకు అలవాటైంది. 1933 తర్వాతి సంగతులు ఎలాగూ ఉండవు. ట్రాన్సిస్టర్, లేజర్ అంటూ వెతికితే కళ్లనొప్పి తప్ప ఏమీ మిగలదు.

సంవత్సరాల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇందులో 'కంప్యూటర్' అంటే లెక్కలు కట్టే మనిషి, వేధశాలలో కూర్చుని గణితం చేసే ఉద్యోగి. మొదటి ఉదాహరణ 1646లో థామస్ బ్రౌన్ రాసింది. ఇంటర్నెట్‌లో చందా కట్టి చూసే నేటి ముద్రణ మాత్రం దాన్ని 1613కు తీసుకెళ్లింది. కాబట్టి ఫలానా మాట ఫలానా ఏట పుట్టిందని ఈ పుస్తకం చూసి వ్యాసాల్లో రాసేయకండి. అర్థాల క్రమానికి దీన్ని నమ్మవచ్చు, తేదీలకు కొత్తదాన్నే చూడాలి.

ఇంకో పరిమితి ఉంది. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ రసాయన శాస్త్రవేత్త ప్రీస్ట్‌లీ రాతల్లోని 'డీఫ్లోజిస్టికేటెడ్ ఎయిర్' అంటే మన ఆక్సిజనే. మండే వస్తువు ఫ్లోజిస్టన్‌ను (మండే గుణానికి మూలమని అప్పట్లో నమ్మిన పదార్థాన్ని) వదులుతుందనీ, ఆ ఫ్లోజిస్టన్ లేని గాలి దాన్ని బాగా పీల్చుకుంటుందనీ ఆయన లెక్క. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవోయిజియే ఆ లెక్కను కొట్టేసి, ఆ వాయువుకు ఆమ్లాన్ని పుట్టించేదనే అర్థంలో 'ఆక్సిజన్' అని పేరు పెట్టాడు. ఆ పేరూ తప్పే. ఉప్పు నుంచి తీసే మ్యూరియాటిక్ ఆమ్లంలో (నేటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం) ఆక్సిజన్ లేదని 1810లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త డేవీ వాదించి నెగ్గాడు. ఏ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో నిఘంటువులో వెతకవచ్చు. ఎవరి వాదం నిలిచిందో తెలియాలంటే రసాయన చరిత్ర గ్రంథం ఒకటి పక్కన పెట్టుకోవలసిందే.

పాత ప్రతి కొనేవాళ్లకు ఒక మాట. సొరుగులో అద్దం లేకపోయినా ఫరవాలేదు, ఇంతకంటే మంచివి విడిగా దొరుకుతాయి. రెండో సంపుటం చివర అనుబంధం పుటలు సరిగ్గా ఉన్నాయో లేదో మాత్రం తిప్పి చూసుకోండి. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకైతే అసలు కొనిపెట్టకండి.