జపాన్‌లో కాలవ ఊరు, పడవ షికారు: యానగావానా, కురాషికీనా, సావరానా?

జపాన్ వస్తున్నవాళ్లు చాలామంది, పాత ఊళ్లో కాలవ మీద పడవెక్కాలి ఎక్కడికెళ్లమంటావ్ అని అడుగుతుంటారు. మూడు ఊళ్లూ తిరిగినదాన్ని కాబట్టి చెప్తున్నా, మీకు పడవే ముఖ్యమైతే యానగావాకే వెళ్లండి.

ఫుకువోకాలో తెన్‌జిన్ నుంచి నిషితెత్సు ట్రైన్‌లో 50 నిమిషాలు. స్టేషన్ దగ్గర్లో పడవెక్కితే దాదాపు గంట సేపు నీళ్ల మీదే, దిగేది ఒకినోహతా అనే వేరే చోట. పడవాయన నిలబడి పొడుగాటి వెదురు గడతో తోస్తూ మధ్యలో పాట అందుకుంటాడు, పాట ఆగితే గడ నీళ్లలో దిగే చప్పుడొక్కటే. కొన్ని వంతెనలు ఎంత కిందకుంటాయంటే, మా పడవాయన కేకెయ్యగానే అందరం ముందుకి వంగిపోయాం, అమ్మ నా వీపు మీద చెయ్యేసి ఇంకా కిందకి నొక్కేసింది, నెత్తి మీదే పాచి వాసన. రెండు పక్కలా ఇళ్ల పెరళ్లు, అక్కణ్ణుంచి నీళ్లలోకి రాతిమెట్లు, అవి చూసి కోనసీమలో పుట్టిన మా అమ్మ "అచ్చం మా రేవే" అంది.

ఇంకోటి, ఈ కాలవలు అసలు మిగిలేవే కాదు. మురికిపట్టి కంపు కొడుతున్నాయని 1977లో చాలావాటిని పూడ్చేయడానికి ప్లాన్ వేశారు, అప్పుడు ఆ మున్సిపాలిటీలోనే పనిచేసే ఒక ఉద్యోగి వద్దని నిలబడి, మేయర్‌ని ఒప్పించి, ఊరివాళ్లందర్నీ కలుపుకుని పూడిక తీయించాడు. అది తెలిశాక ఆ నీళ్ల మీద నాకు గౌరవం పెరిగింది.

కురాషికీలో పడవ 20 నిమిషాలే, కొంచెం దూరం వెళ్లి వెనక్కొచ్చేస్తుంది, పడవకి ఆరుగురు, టికెట్లు ఏ రోజువి ఆ రోజే ఇస్తారు కాబట్టి సెలవురోజైతే పొద్దున్నే వెళ్లి తీసేస్కోండి. కానీ ఊరు మాత్రం మూడింట్లో ఇదే అందం, తెల్లగోడల పాత గోదాములు, కాలవ పక్కన వేలాడే విల్లో కొమ్మలు, 1930లో పెట్టిన ఒహారా ఆర్ట్ మ్యూజియం. ఒకాయామా నుంచి ట్రైన్‌లో పావుగంట చాలు, క్యోటో నుంచి హిరోషిమా వెళ్తూ దారిలో దిగిపోవచ్చు.

సావరా ఎవరికంటే, నరితాలో ఫ్లైట్‌కి సగం రోజు టైమ్ ఉండి టోక్యో దాకా వెళ్లలేనివాళ్లకి. నరితా స్టేషన్ నుంచి అరగంట, పడవ కూడా అరగంటే. 55 ఏళ్ల వయసులో జపాన్ మొత్తం కొలిచి మ్యాప్ గీయడానికి బయల్దేరిన ఇనో తదతకా ఇల్లు కాలవ ఒడ్డునే ఉంది, ఎదురుగా వంతెన పక్క నుంచి నీళ్లు జలజలా కిందకి పడతాయి. పూర్వం పొలాలకి నీళ్లు దాటించిన తూము అది.

యానగావాకి రెండు జాగ్రత్తలు. మన డెల్టాలో ఎండాకాలం కాలవలు కట్టేసినట్టే అక్కడ ఫిబ్రవరి మధ్యలో ఓ పదిరోజులు కాలవల్లో నీళ్లు తీసేసి శుభ్రం చేస్తారు, అప్పుడు ఈ మామూలు రూట్ ఉండదు. దిగిన చోట వీధంతా ఈల్ చేప కాల్చే వాసనే, అన్నం మీద పెట్టి చెక్కపెట్టెలో ఆవిరికి ఉడికించిస్తారు, తినేవాళ్లు అస్సలు వదలొద్దు, శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి, మేం అదే చేశాం.

చలికాలం పడవలో కొతాత్సు పెడతారు, అంటే కింద వేడి పెట్టి పైన దుప్పటి కప్పిన పొట్టి బల్ల, కాళ్లు ఆ దుప్పటి కింద వెచ్చగా ఉంటాయి కాబట్టి పెద్దవాళ్లని జనవరిలోనైనా ధైర్యంగా తీసుకెళ్లొచ్చు.