మందు కొట్టని పసుపు కోసం గుంటూరు, తెనాలి, బెజవాడ

మా కొట్లో ప్రకృతి వ్యవసాయపు సరుకు పెడదామని ఇటు తిరిగాను. ఇదే పని మీద వచ్చేవాళ్లు బస గుంటూరులోనే చూసుకోండి. బెజవాడలో హోటళ్లు ఎక్కువే గానీ మిర్చి యార్డుకి పొద్దున్నే చేరాలి. నేను దిగిన లాడ్జిలో ఏసీకి డబ్బు తీసుకున్నారు, గాలి మాత్రం ఫ్యానుదే.

యార్డులో ముక్కుకి రుమాలు తప్పదు. ఎటు చూసినా తేజ, 334 రకాల మిర్చి టిక్కీలే, అంటే బస్తాలే. వ్యాపారి కాయ తుంచి రంగు, ఎండుదల, తాలు (రంగు పోయిన కాయ) చూసి ధర కడతాడు. మందు కొట్టలేదన్న మాటకి రూపాయి కూడా పెరగదు, కంటికి కనపడేది కాదుగా! పురుగుమందు అవశేషాల పరీక్ష అడిగే ఎగుమతిదారులు ముందే ఊళ్లతో మాట్లాడుకుని పొలం నుంచే ఎత్తుతారు. మన పనికి యార్డు చూడ్డానికే, కొనడానికి దండగ.

తెనాలి వైపు ఊరికి ఆటో బేరం ముందే తేల్చుకోండి. అక్కడ మహిళా సంఘం వాళ్లు వానలకి ముందే నవధాన్యాలు చల్లి, పేడ, ఆవు మూత్రంతో చేసే ఘన జీవామృతం ఎరువు వేసి పసుపు పండిస్తున్నారు. 2016లో రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ మొదలెట్టిన ఈ ప్రకృతి సాగుకి 2024లో గుల్బెంకియన్ అనే అంతర్జాతీయ బహుమతి వచ్చింది కదా అని నేనంటే, ఒకావిడ, "వచ్చింది బాబూ, మా పసుపు మాత్రం దుగ్గిరాల యార్డులో అందరి దాంతోనే కలిసిపోతంది గదా" అంది.

అసలు చిక్కు అదే. వడ్లదీ ఇదే కథ: నాలుగు బస్తాల కోసం మిల్లు ఆపి శుభ్రం చేయరు, ముందు ఆడించినవాళ్ల బియ్యం కలుస్తాయి. పదిమంది కలిసి లోడు చేస్తేనే విడిగా ఆడిస్తారు. అంత సరుకు కొంటామని పంటకి ముందే మాటిచ్చేవాడు కావాలి. తిరుమల ప్రసాదాలకి దేవస్థానం ఇలా ప్రకృతి సాగు చేసే రైతుల శనగలు కొన్నది అందుకే పెద్ద సంగతి అయింది.

బెజవాడలో పటమట రైతు బజారు ఆకుకూరలకి బాగుంది. ఒక ఆర్గానిక్ షాపులో మాత్రం ప్యాకెట్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మే తప్ప ఊరి పేరు లేదు. పీజీఎస్ కాగితం, అంటే రైతులు ఒకరి పొలం ఒకరు చూసి ఇచ్చే సేంద్రియ ధ్రువీకరణ, అడిగితే "పై నుంచి వస్తుంది సార్" అన్నారు, ధర మాత్రం రెట్టింపు. గవర్నర్‌పేటలో ఒక చిన్న మెస్సువాళ్లు నయం. ఏడాదంతా రెండు ఊళ్ల బియ్యమే, అడ్వాన్సు ఇచ్చి మరీ కొంటారు. దంపుడన్నంలో గోంగూర పప్పు, ఇంకోసారి వడ్డించమన్నాను.

చివరికి ఆ సంఘానికే పసుపుకి అడ్వాన్సు కట్టాను. పాలిష్ విడిగా పట్టించాలన్నది షరతు. మచ్చుకి తీసుకున్న బస్తా ఆర్టీసీ కార్గోలో వేస్తే మర్నాటికి అందింది. బస్తా మూతి రెండు వరసలు కుట్టించుకోండి.