తండ్రి పోయిన పిల్లలు: ఆశ్రమం మేలా, ఇల్లు మేలా?

"మా వీధిలో ఆటో నడిపే అతను పోయాడండీ. అతని భార్యకు ఇద్దరు పిల్లలు. ఏదైనా మంచి ఆశ్రమం ఉంటే చెప్పండి." విజయవాడ కృష్ణలంక నుంచి, వాంబే కాలనీ నుంచి, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల పేటల నుంచి ఈ మాట తరచూ వింటుంటాను. అడిగేవాళ్లలో మేనమామలు ఉంటారు, బడి పంతుళ్లు ఉంటారు, చాలాసార్లు తల్లులే ఉంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచిన తర్వాత ఇది మరీ ఎక్కువైంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ఏ ఆశ్రమం మంచిదో వెతికే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ బిడ్డ ఇల్లు ఎందుకు వదలాలి? డబ్బు లేకా, భద్రత లేకా? నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే. భోజనం, చదువు, ఇంగ్లిష్ మీడియం, మంచాలు, ఫ్యాన్లు అన్నీ తర్వాతే.

భద్రత లేదంటే ఇక ఆలోచన అక్కర్లేదు. తాగొచ్చి పిల్లలను చావబాదే మనిషి ఇంట్లో ఉన్నా, పదమూడేళ్ల పిల్లకు పెళ్లి మాటలు నడుస్తున్నా, పిల్లల ఒంటిమీద ఎవరైనా చేయి వేశారన్న అనుమానం వచ్చినా వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. లైంగిక నేరం జరిగిందని తెలిసి కూడా చెప్పకపోవడం పోక్సో చట్టం కింద నేరమే. రక్షించిన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ (ఆ బిడ్డ ఎక్కడ ఉండాలో తేల్చేది ఇదే) ముందు హాజరుపరచాలని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతోంది. కమిటీ ఆ బిడ్డను హోంకు పంపితే ఆ హోమే ప్రాణాధారం. ఇల్లు వదిలి పారిపోయి రైలెక్కి విజయవాడ స్టేషన్‌లో దిగే పిల్లల సంగతీ అంతే. 1989 నుంచి నవజీవన్ బాలభవన్ ఇక్కడ ఇలాంటి పిల్లలను అక్కున చేర్చుకుంటోంది. అటువంటి చోట్లు లేకపోతే వాళ్లు ఎవరి చేతుల్లో పడేవారో తలచుకుంటేనే భయమేస్తుంది. అందుకే హోంలు అక్కర్లేదని నేను ఎన్నడూ అనను.

కానీ నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది చెప్పే కారణం డబ్బే. తండ్రి పోయాడు, అద్దె కట్టాలి, బడి ఖర్చులున్నాయి, తల్లి కూలి చాలదు. అక్కడ నేను గట్టిగా అడ్డుపడతాను. పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను తల్లి నుంచి వేరు చేయకూడదని 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మార్గదర్శకాల్లో ఉంది. సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయిన తర్వాతే అన్నది మన చట్టంలోనూ మూల సూత్రం. మన ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. వాళ్లను అనాథలంటుంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇంటికే సాయం అందించే దారి ఉంది. పిల్లల సంరక్షణ కోసం ఉన్న ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌గా బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. భర్త చనిపోయిన లేదా వదిలేసిన తల్లుల పిల్లలకు, తల్లిదండ్రులిద్దరూ లేక అమ్మమ్మ దగ్గరో బాబాయి దగ్గరో పెరుగుతున్నవాళ్లకు, తల్లీతండ్రీ ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలకు ఇది వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్నాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. ఇదే పథకంలో హోంలో ఉన్న బిడ్డ పోషణకు ఇచ్చేది నెలకు 3,000. అంటే ఇంట్లో ఉంచుకుంటే ప్రభుత్వం ఎక్కువే ఇస్తోంది. ఈ సంగతి తెలియక బిడ్డను అప్పగించి వచ్చిన తల్లులను చూశాను. దీనికి తోడు ఎన్టీఆర్ భరోసా వితంతు పింఛను నెలకు 4,000 ఉంది. బడికి వెళ్లే ప్రతి బిడ్డకూ తల్లికి వందనం కింద ఏడాదికి 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. అన్నీ అందరికీ రాకపోవచ్చు. అయినా ఆశ్రమం తలుపు తట్టే ముందు మీ గ్రామ, వార్డు సచివాలయంలో వీటిని అడిగి చూడాలి కదా.

చిక్కు కాగితాల దగ్గరే వస్తుంది. తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు, ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువీకరణ, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా, ఇవన్నీ జిల్లా బాలల సంరక్షణ విభాగానికి ఇవ్వాలి. సింగ్‌నగర్‌లో వరద పోయాక చాలా ఇళ్లలో ఈ కాగితాలే లేకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మరో తికమక వచ్చింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది, బ్యారేజీ దాటగానే ఉన్న తాడేపల్లి గుంటూరు జిల్లాలోనే ఉంది, నరసరావుపేట వాళ్లు ఇప్పుడు పల్నాడు జిల్లా. ఆధార్‌లో ఏ చిరునామా ఉందో చూసుకుని ఆ జిల్లా కార్యాలయానికే వెళ్లండి. మంజూరు చేయాల్సింది ఒక కమిటీ కాబట్టి ఆలస్యం తప్పదు. ఒకటో తారీఖున ఠంచనుగా పడుతుందన్న ధీమాతో అప్పు చేయవద్దు. తల్లులకు నేను ముందే చెప్పే మాట ఇది.

ఇంటి దారిలో నిజమైన లోటు మరొకటుంది. సాయంత్రం నాలుగింటికి బడి వదిలాక, తల్లి ఇల్లు చేరేదాకా ఆ బిడ్డను ఎవరు చూస్తారు? మిర్చి సీజన్‌లో గుంటూరులో తొడిమలు తీసే పనికి వెళ్లిన తల్లి చీకటి పడ్డాకే వస్తుంది. ఎన్ని కిలోలు తీస్తే అంత కూలి. చేతికింద ఇంకో జత చేతులుంటే నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి కాబట్టి పిల్లలనూ వెంట తీసుకుపోతారు, బడి పోతుంది. స్పాన్సర్‌షిప్ డబ్బు ఆ అదనపు కూలి అవసరాన్ని తీర్చగలదు గానీ సాయంత్రం కాపలా కాయలేదు. పక్కింటి పెద్దావిడో, సాయంత్రం ట్యూషనో, పిన్నో ఎవరో ఒకరు కుదిరితేనే ఇంటి దారి నిలబడుతుంది.

ఆశ్రమం వైపు మంచిని తక్కువ చేయను. వేళకు భోజనం, క్రమం తప్పని చదువు, తాగుడు గొడవ లేని రాత్రులు. కానీ చేర్చేటప్పుడు ఎవరూ చెప్పని నష్టాలున్నాయి. సాధారణంగా మగపిల్లలకూ ఆడపిల్లలకూ హోంలు వేరు, కాబట్టి తండ్రిని పోగొట్టుకున్న నెలలోనే అన్నా చెల్లెళ్లు కూడా విడిపోతారు. పద్దెనిమిదేళ్లు నిండగానే హోం వదలాలి. 21 ఏళ్ల దాకా తోడ్పాటు ఇచ్చే వీలు చట్టంలో ఉన్నా, పండక్కి వెళ్లడానికి ఇల్లు చట్టం ఇవ్వలేదు. పెదనాన్నలు, బాబాయిలు మిగతావారికంటే ముందు ఆశ్రమం మాట ఎత్తితే, చనిపోయినతని పేర ఇల్లో జాగానో ఉందేమో ఆరా తీయండి. పిల్లలు కళ్లముందు లేకపోతే వాళ్ల వాటా కూడా మరుగున పడుతుంది.

ఆరేళ్లలోపు పిల్లలైతే నేను బేరమే ఆడను, ఇల్లే మేలంటాను. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో అనాథ శరణాలయాల్లోని 136 మంది పసివాళ్లను తీసుకుని, సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపి, మిగతావాళ్ల ఎదుగుదలతో పోల్చారు. కుటుంబాల్లో పెరిగినవాళ్ల తెలివితేటలు, మనుషులతో పెనవేసుకునే గుణం మెరుగ్గా కనిపించాయి. రెండేళ్లలోపే ఇల్లు దొరికినవాళ్లు ఎక్కువ కోలుకున్నారు. అక్కడి శరణాలయాల స్థితి వేరు, మన హోంల స్థితి వేరు. అయినా పసిబిడ్డకు తనదంటూ ఒక మనిషి కావాలన్నది ఏ ఊళ్లోనైనా ఒకటే.

పదేళ్లు దాటిన పిల్లలకు మాత్రం మూడో దారి చెబుతాను, అది వసతి బడి. సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఐదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి సీట్లున్నాయి. అనాథలకు, తల్లో తండ్రో ఒక్కరే ఉన్నవాళ్లకు అక్కడ ప్రాధాన్యం ఇస్తారు. ఒక్క గదిలో ఉంటూ తల్లి రాత్రి పొద్దుపోయి వచ్చే ఇంట్లో పన్నెండేళ్ల పిల్ల ఒంటరిగా ఉండడంకంటే ఇది ఎంతో నయం. దసరాకు, సంక్రాంతికి ఇంటికే వస్తుంది. సంతకం పెట్టేది తల్లే. రేషన్ కార్డులో పేరు ఉంటుంది. దరఖాస్తులు వేసవికి ముందే అడుగుతారు, జూన్ దాకా ఆగితే ఏడాది పోతుంది.

ఫోస్టర్ కేర్ (బిడ్డను కొంతకాలం వేరే కుటుంబం పెంచడం), దత్తత గురించి కూడా అడుగుతుంటారు. తల్లి ఉండి పెంచుకుంటానంటున్న బిడ్డకు ఆ రెండూ ఇక్కడ వర్తించవు. చట్టప్రకారం కాకుండా ఎవరి చేతిలోనో పెట్టి ఇవ్వడం దత్తత కాదు.

అన్నీ చూశాక కూడా హోమే తప్పదనుకుంటే నేరుగా గేటు దగ్గర వదిలి రావద్దు. ముందు బాలల సంక్షేమ కమిటీ దగ్గరకు వెళ్లండి. హోం వాళ్లను రిజిస్ట్రేషన్ పత్రం చూపమనండి. చట్టం కింద నమోదు కాకుండా హోం నడిపితే ఏడాది వరకు జైలు ఉంది. కమిటీ ఉత్తర్వు లేకుండానే చేర్చుకుంటామనే చోట బిడ్డను ఉంచకండి. తల్లి ఎప్పుడు వచ్చి చూడవచ్చో, ఫోన్ ఎన్నాళ్లకోసారి చేయనిస్తారో అడిగి తెలుసుకోండి.

పుట్టినరోజుకు ఆశ్రమంలో భోజనాలు పెట్టే దాతలకు ఒక విన్నపం. ఆ డబ్బుతో మీ వీధిలోనే స్పాన్సర్‌షిప్ మంజూరు కోసం ఎదురుచూస్తున్న ఒక తల్లికి మూడు నెలల అద్దె కట్టండి. ఆ కాగితాలు పట్టుకుని ఒకసారి కలెక్టరేట్‌కు ఆమె వెంట వెళ్లండి. రోజు కూలి పోగొట్టుకుని ఒంటరిగా ఆ కిటికీ ముందు నిలబడలేకే చాలామంది తల్లులు సగంలో వదిలేసి, చివరికి ఆశ్రమం అడ్రసు అడుగుతున్నారు.