ప్లాస్టిక్ బదనికకు 168 పౌండ్లు: వేల్స్‌లో డ్రూయిడ్ల జాడలో మా ప్రయాణం

ముందుగా డబ్బు సంగతి. వేల్స్ వాయవ్య మూలన ఉన్న ఆంగ్లసీ ద్వీపంలో, పేరులో 'డ్రూయిడ్' అన్న మాట తగిలించుకున్న ఒక గదిలో ఒక్క రాత్రి పడుకున్నందుకు మేము కట్టింది 138 పౌండ్లు. నాన్న కోసం వేసిన మడత మంచానికి విడిగా ఇంకో 30. నాన్న మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని "దగ్గర దగ్గర 19 వేలమ్మా" అన్నారు. ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు.

డ్రూయిడ్లంటే రెండు వేల ఏళ్ల కిందట బ్రిటన్‌లో ఉన్న కెల్టిక్ పురోహితులు. ఆ గదిలో డ్రూయిడ్ అంటే ఏమిటంటే, పైకప్పు నుంచి వేలాడే ప్లాస్టిక్ బదనిక గుత్తి, గోడమీద తెల్లగడ్డంతో కొడవలి పట్టుకున్న ముసలాయన బొమ్మ, 'ఓక్ వనం' అని రాసి ఉన్న సెంటు సీసా. సీసాను ప్లగ్గులో పెడితే తలనొప్పి, తీసేస్తే తడి తివాచీ వాసన. బదనికకు ఆధారం లేకపోలేదు. డ్రూయిడ్లు చాంద్రమానంలో ఆరో రోజున ఓక్ చెట్టెక్కి బంగారు కొడవలితో బదనిక కోసేవారని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. ప్లాస్టిక్ గురించి ఆయన ఏమీ చెప్పలేదు.

శాకాహారులమని గది తీసుకున్నప్పుడే రాశాం. పొద్దున పళ్లెంలో వచ్చిన పుట్టగొడుగులు పంది మాంసం వేయించిన పెనంలోనే వేగాయని వాసనే చెప్పింది. అడిగితే "పెనం తుడిచాం కదా" అంది యజమానురాలు. మంచానికి రుసుము ఉందని మీ సైటులో ఎక్కడుందో చూపించండి అని మా ఆయన ఫోను ముందుపెడితే, 'అదనపు సౌకర్యాలకు అదనపు రుసుము' అన్న వాక్యం మీద వేలు పెట్టింది. ఆ మంచం సౌకర్యం అవునో కాదో నాన్న నడుమును అడగాలి. ఇంకో మాట అనేలోపు ఆవిడ ఫోను మోగింది, ఆవిడ లోపలికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. తాళం చెవి బల్లమీద పెట్టి బయటపడ్డాం.

ద్వీపానిది తప్పేమీ లేదు. అక్కడ చూడవలసినవి రెండూ ఉచితమే. బ్రిన్ కెల్లి దీ అనేది పొలాల మధ్య మట్టిదిబ్బ కింద రాతితో కట్టిన సమాధి గది. రోడ్డు పక్క కారు ఆపి కాసేపు నడవాలి. జూన్‌లో పొద్దు అతి దీర్ఘంగా ఉండే రోజున ఉదయించే సూర్యుడి వెలుగు ఆ ఇరుకు దారి గుండా లోపలి గోడదాకా వెళ్తుంది. అయితే దాన్ని కట్టింది డ్రూయిడ్లు కాదు. వారికి వేల ఏళ్ల ముందటి మనుషులు. అక్కడ దొరికిన చెక్కడాల రాయి కార్డిఫ్ మ్యూజియంలో ఉంది, దిబ్బ దగ్గర నిలబెట్టింది నకలు. వంగి లోపలికి వెళ్లడం నాన్నకు కష్టమనుకున్నాం. మాకంటే ముందే వెళ్లి కూర్చున్నారు.

రెండోది లిన్ కెరిగ్ బాఖ్ అనే చిన్న చెరువు. చూడడానికి నీళ్లు, రెల్లు, ఒక శిలాఫలకం తప్ప ఏమీ లేవు. పక్కనే వైమానిక స్థావరం. శుక్రవారం కావడంతో శిక్షణ విమానాలు చెవులు చిల్లులు పడేలా తిరుగుతున్నాయి. 1942లో ఆ స్థావరం కడుతూ ఇక్కడి బురద నేల తవ్వుతుంటే ఒక ఇనుప గొలుసు బయటపడింది. బురదలో దిగబడిన లారీలను ట్రాక్టరుకు కట్టి లాగడానికి దాన్నే వాడుకున్నారు. తరువాత తెలిసింది అది రెండు వేల ఏళ్ల నాటిదని, బందీల మెడలకు వేసే సంకెల అని. కత్తులు, రథాల భాగాలతో కలిపి 150కి పైగా వస్తువులు ఇక్కడ దొరికాయి. దేవతలకు అర్పణగా నీటిలో వేసినవని పండితుల అభిప్రాయం. క్రీ.శ. 60 ప్రాంతంలో రోమన్ సైన్యం జలసంధి దాటి వచ్చి, చేతులెత్తి శపిస్తున్న డ్రూయిడ్లను చంపి, వారి పవిత్ర వనాలను నరికివేసిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసింది ఈ ద్వీపం గురించే. మడత మంచాన్ని నాన్న మరిచిపోయింది ఈ గొలుసు కథ విన్నాకే.

ఆ సాయంత్రం ప్రధాన భూభాగానికి తిరిగి వచ్చి, ఇప్పుడు ఎరరి అంటున్న స్నోడోనియా కొండల దక్షిణపు అంచున ఒక లోయకు వెళ్లాం. నాతో పనిచేసే ఒకావిడ ఏటా అక్కడికి వెళ్తుంది. కొందరు ఆధునిక డ్రూయిడ్లు మఠం పద్ధతిలో కలిసి బతుకుతున్న చోటు. పేరు, చిరునామా బయట రాయవద్దన్నది వారి నియమాల్లో ఒకటి కాబట్టి రాయడం లేదు. డోల్గెల్లై ఊరి నుంచి కారులో అరగంటలోపు అని మాత్రం చెప్పగలను.

నియమాల కాగితం ముందే పంపారు, రెండు పేజీలు. మా ఆయన చదివి "సెలవు పెట్టి హాస్టలుకు వెళ్తున్నామా?" అన్నారు. నాకు మొదటి వాక్యమే నచ్చింది. ప్రాచీన డ్రూయిడ్లకు మఠాలు ఉండేవనడానికి ఆధారం లేదు, ఇది మేము కూర్చుకున్న పద్ధతి అని రాసుకున్నారు. నిజమే. పాతవాళ్లు తమ విద్యను ఒక్క అక్షరం కూడా రాసి పెట్టలేదు. కొందరు ఇరవై ఏళ్లపాటు కంఠస్థం చేసేవారని సీజర్ రాశాడు, ఆ కంఠస్థమంతా వారితోనే పోయింది. ఇప్పుడున్నది గత రెండు మూడు వందల ఏళ్లలో మళ్లీ అల్లుకున్న దారి. 1964లో రాస్ నికోల్స్ స్థాపించిన సంఘం నేర్పే బార్డ్ (కవి), ఓవేట్ (ద్రష్ట), డ్రూయిడ్ అనే మూడు మెట్లు ఇక్కడ కొందరు ఎక్కారు. కొందరు ఎక్కలేదు. 2010లో బ్రిటన్‌లో ఒక డ్రూయిడ్ సంస్థకు మతపరమైన ధర్మసంస్థగా గుర్తింపు వచ్చాక ఇరుగుపొరుగు రైతులు తమను కాస్త తక్కువ వింతగా చూస్తున్నారని అతిథుల పని చూసే ఆవిడ నవ్వుతూ చెప్పింది.

కాగితంలో నాకు గుర్తున్నవి చెబుతాను. రోజును ప్రార్థన, పని, చదువు అని పంచుకోవడం క్రైస్తవ బెనెడిక్టైన్ మఠాల నుంచి తీసుకున్నారు. ఒకే నేలను అంటిపెట్టుకుని ఉంటామనే ప్రమాణం కూడా వారిదే. విధేయత ప్రమాణం, బ్రహ్మచర్యం వదిలేశారు. అక్కడ ఒక జంట కూడా ఉంది. చేరదలచినవారు ఏడాదీ ఒక రోజూ ఉండి చూడాలి. ఆ తరువాత ప్రమాణం చేసినా అది ఒక్క ఏడాదికే, ప్రతి నవంబరు ఆరంభంలో మళ్లీ చేయాలి. గురువు లేడు, నిర్వహణ బాధ్యత వంతులవారీగా తిరుగుతుంది. ఏ దేవుడిని కొలిచినా, అసలు కొలవకపోయినా అడగరు. ప్రతివారూ అడవిలో ఒక భాగాన్ని, ఒక కళను సొంతంగా సాకాలి. బతికున్న చెట్టును కొట్టాలంటే అందరూ ఒప్పుకోవాలి. ఫోను గేటు దగ్గరి కొట్టంలో మాత్రమే. ఉదయ భోజనం ముగిసేదాకా మౌనం. అతిథులు రోజుకు రెండు గంటలు పని చేయాలి. ఎవరి మీదైనా ఫిర్యాదు ఉంటే మూడు రాత్రులు గడిచేలోపు ముఖాముఖి చెప్పాలి, లేకపోతే వదిలేయాలి.

ఈ చివరి నియమమే మా పాలిట అసలు కథ అయింది. ఎందుకంటే మరుగుదొడ్డిలో నీళ్లు లేవు. రంపపు పొట్టు ఉంది. ఒక గుప్పెడు చల్లి మూత వేయాలి, అంతే. కాగితంలో 'కంపోస్టు మరుగుదొడ్డి' అన్న రెండు మాటలు ఉన్నాయి కానీ, తెలుగు మనిషి అందులో నుంచి నీళ్లుండవన్న అర్థం తీయలేడు. డెబ్బై నాలుగేళ్ల నాన్న బయటికి వచ్చిన ముఖం చూస్తే మర్నాడే తిరుగు ప్రయాణం అనుకున్నాను. మా ఆయన అప్పటికే గేటు కొట్టంలో ఫోను పట్టుకుని హోటళ్లు వెతుకుతున్నారు. కారు తాళం వేశానో లేదో చూసి వస్తాననే సాకుతో ఆయన ఆ కొట్టానికి వెళ్లని గంట లేదు.

నాన్న మాత్రం నియమాల కాగితం తీసి మళ్లీ చదివారు. మూడు రాత్రులు ఎందుకు, ఈ రాత్రే చెబుతానన్నారు. సాయంత్రం అందరూ నిప్పు చుట్టూ కూర్చునే వేళ, హేజెల్ కర్ర ఎవరి చేతిలో ఉంటే వారు మాట్లాడాలి, మిగిలినవారు అడ్డు రాకూడదు. ముప్పై ఏళ్లు కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పిన మనిషి చేతికి కర్ర ఇచ్చి అడ్డు రాకూడదంటే ఏమవుతుంది? నీటితో శుభ్రపరచుకోవడం అనే విషయం మీద, మా ప్రాంతంలో అది మర్యాదకు సంబంధించిన సంగతి ఎందుకైందో చెబుతూ, తన ఆంగ్లంలో ఆయన ఉపన్యాసం ఇచ్చారు. నేను తల దించుకున్నాను. వాళ్లు ఒక్కరూ నవ్వలేదు. ఆయన ముగించాక, ఒకప్పుడు లారీ నడిపిన పెద్దాయన కర్ర అందుకుని, పొట్టు తడిస్తే కుళ్లదు, కంపు కొడుతుంది, అందుకే నీళ్లు పోయనివ్వలేం అని వివరించాడు. ఆ తరువాత, స్నానాల గుడిసె నీరు రెల్లు మడుగులోకి పోతుంది కదా, అక్కడ కడుక్కుంటే ఇబ్బంది లేదన్నాడు. మర్నాడు పొద్దున గుడిసెలో రెండు బకెట్లు, ఒక చెంబులాంటి జగ్గు, వేడి నీళ్ల కెటిల్ పెట్టి ఉన్నాయి. తలుపు మీద వేళ్లాడే చీటీలో 'నీరు కావలసినవారికి' అని రాశారు. అతిథుల కాగితంలో కూడా ఆ వాక్యం చేర్చారని తరువాత మా సహోద్యోగిని చెప్పింది.

అప్పటి నుంచి నాన్న వారి పక్షం. తెల్లవారుజామున చలిలో శాలువా కప్పుకుని వారితో పాటు వలయంలో నిలబడ్డారు. నాలుగు దిక్కులకూ తిరిగి ఒక్కొక్క దిక్కున శాంతి కలగాలని పలుకుతారు, 'ఆవెన్' (వెల్ష్ భాషలో స్ఫూర్తి) అని మూడుసార్లు దీర్ఘంగా అంటారు, ఒక ప్రార్థన చదువుతారు. రక్షణ, బలం, తెలివి, జ్ఞానం, న్యాయం, చివరికి సకల జీవుల మీద ప్రేమ దాకా ఒకదాని నుంచి ఒకటి అడుగుతూ పోయే ప్రార్థన అది. రాసింది యోలో మోర్గానుగ్ అనే పద్దెనిమిదో శతాబ్దపు రాళ్లు చెక్కే పనివాడు. 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ కొండ మీద బార్డుల సభ జరిపి, అంతా ప్రాచీనమేనని నమ్మబలికాడు. రాతప్రతులు సొంతంగా సృష్టించడంలో ఆయన దిట్ట. ఆ సంగతి వాళ్లే చెప్పారు. దొంగ ప్రతి అని తెలిసీ చదువుతారా అని మా ఆయన అడిగితే నాన్న అందుకున్నారు: "ప్రక్షిప్తాలు లేని కావ్యం మన దగ్గర మాత్రం ఏదయ్యా?"

ఇక తిండి. పాలు, పెరుగు, గుడ్డు లేవు. రాత్రి పెరుగన్నం లేకపోతే నిద్ర పట్టని నాన్నకు మొదటి రాత్రి నెటిల్ ఆకుల చారు, రొట్టె. నెటిల్ తగిలితే చురుక్కుమనే ఆకు, ఉడికాక ఏమీ అనదు, రుచి కూడా ఏమీ అనదు. రెండో రోజు మధ్యాహ్నం మాత్రం పచ్చిక బయలులో కోసిన సోరెల్ ఆకుతో ఎర్ర కందిపప్పు వండారు. ఒక్క ముద్ద తిని నాన్న నా వైపు చూశారు. అది చుక్కకూర పప్పే, తాలింపు ఒక్కటే తక్కువ. ఆశ్చర్యపోనక్కరలేదు, రెండు మొక్కలూ రూమెక్స్ ప్రజాతివే. నేను వంటింట్లోకి వెళ్లి ఆవాలు అడిగాను. పచ్చడికని దాచుకున్న పసుపు ఆవాలు ఇచ్చారు. వెల్లుల్లి బదులు ఆ లోయంతా పూసి ఉన్న అడవి వెల్లుల్లి ఆకు వేసి తాలింపు పెట్టాను. దాన్నే నా రెండు గంటల పనిగా లెక్కవేశారు. మా ఆయన వాటా పని కట్టెలు పేర్చడం, ఆ తరువాత రోజంతా భుజం పట్టుకుని తిరగడం.

అడవి గురించి ఒక్క మాట. ఇక్కడి పాత ఓక్ అడవులను సమశీతోష్ణ వర్షారణ్యం అంటారు, నాచు పట్టని రాయి గానీ కొమ్మ గానీ కనిపించవు. అది చాలు.

లోపాలు చెప్పకపోతే అన్యాయం. పరుపులు పలుచన, దుప్పట్లకు తేమ వాసన, సాయంత్రం కంటికి కనిపించని దోమలు. అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అన్న నియమం వల్ల సౌర విద్యుత్ బ్యాటరీ కొనాలా వద్దా అన్నది పోయిన శరదృతువు నుంచి తేలలేదు, ఈలోగా కొవ్వొత్తులే. ఉన్నవారిలో యాభై దాటినవారే ఎక్కువ. పదేళ్ల తరువాత ఆ కట్టెలు ఎవరు మోస్తారో అడిగితే వారూ జవాబు చెప్పలేదు. ఉదయపు మౌనం నాకు ఎంతో హాయి, మా ఆయనకు శిక్ష.

ధర నిర్ణయించరు. మీరు ఒక రోజు ఉంటే మాకు మనిషికి 31 పౌండ్లు ఖర్చవుతుంది, ఎక్కువ ఇస్తే ఇవ్వలేనివారికి ఉపయోగపడుతుంది, తక్కువైతే అడగం అని పెట్టె మీద రాసి ఉంటుంది. ముగ్గురికి రెండు రాత్రులకు 186 అవుతుంది. మేము 220 వేశాం. మిగతా 34 నాన్న పట్టుబట్టి వేయించినవి.

వెళ్లాలనుకునేవారికి: మే 1 పండుగ వారంలో వద్దు, గుడారాలతో కిక్కిరిసిపోతుంది, మేలో రెండో వారం మంచిది. పదేళ్లలోపు పిల్లలతో వెళ్లకండి, ఆ మౌనం వారివల్ల కాదు. మోకాళ్ల నొప్పులున్నవారు కింది గుడిసె అడగండి. ఆంగ్లసీ చూడాలంటే ద్వీపంలో గది తీసుకోకండి, వంతెన ఇవతల బాంగోర్‌లో ఉండండి. తిరుగు ప్రయాణంలో మేము అక్కడ 71 పౌండ్లకు ముగ్గురు పట్టే గది తీసుకున్నాం. కారు లేకపోతే తీరం వెంట నడిచే రైలు దిగి టాక్సీ పట్టాలి, 24 పౌండ్లు, ముందు రోజే చెప్పి పెట్టుకోవాలి. ఆదివారం టాక్సీ దొరకదు.