గప్పీ పిల్లలకు బ్రీడింగ్ నెట్: ఏళ్లుగా వాడాక తేలిన సంగతి

పుట్టిన పిల్లల్ని తల్లి, ఇతర పెద్ద చేపలు తినేయకుండా అక్వేరియం ట్యాంకు లోపలి గోడకు తగిలించే వల పెట్టె (బ్రీడింగ్ నెట్) గురించి ఈ సమీక్ష. సుమారు 16 సెం.మీ. పొడవు, 13 సెం.మీ. వెడల్పు, అంతే లోతు ఉన్న ప్లాస్టిక్ చట్రం, దానికి తొడిగిన సన్నటి నైలాన్ వల. లోపల రెండు లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. గుడ్లు పెట్టకుండా నేరుగా పిల్లల్నే కనే గప్పీ, ప్లాటీ చేపల కాన్పులకు ఏళ్లుగా దీన్నే వాడుతున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది మంచి పురిటిగది, పెంపకానికి మాత్రం చాలదు. పది పన్నెండు రోజులు దాటాక కూడా పిల్లల్ని ఇందులోనే ఉంచితే ఎదుగుదల ఆగిపోతుంది. తర్వాత పెద్ద తొట్టిలోకి మార్చినా ఆ లోటు పూర్తిగా తీరదు.

దీని బలమంతా వలలోనే ఉంది. ట్యాంకు నీళ్లు అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టి లోపల అమ్మోనియా పేరుకోదు, వేడిలో తేడా రాదు. కొట్లో దీని పక్కనే దొరికే గట్టి ప్లాస్టిక్ బాక్సుకు ఈ గుణం లేదు. దాని మధ్యలో ‘వీ’ ఆకారపు పలక ఉంటుంది, పిల్లలు పుట్టగానే అందులోని చీలిక గుండా కింది అరలోకి జారిపోతాయి. ఆలోచన మంచిదే. కానీ పక్కనున్న నాలుగు గాట్లలోంచి నీళ్లు సరిగా ఆడవు, మిగిలిన మేత అడుగున కుళ్లుతుంది. పైగా పిల్లలు అదే చీలికలోంచి తల్లి దగ్గరికి ఎగబాకుతాయి కూడా. అద్దానికి బయట వేలాడే మూడో రకం ఉంది. ఎయిర్ పంపు గొట్టంతో ట్యాంకు నీళ్లను ఎత్తి పోసుకుంటుంది. పెంపకానికి మూడింట్లో అదే మేలు. అయితే నీళ్లు తిరిగి వెళ్లే దువ్వెన లాంటి గాట్లకు ఆకులు అడ్డం పడితే నీళ్లు పొంగి నేల మీదికొస్తాయి. చలికాలం రాత్రుళ్లు బయటి గాలికి అందులోని నీళ్లు ట్యాంకు కంటే ముందే చల్లబడతాయి.

వల పెట్టెలో తల్లిని, పిల్లల్ని వేరుచేసే పలక ఉండదు. అందుకే జావా మాస్ అనే నీటి నాచు సగం పెట్టె నిండేంత వేయాలి, దాక్కోవడానికి పిల్లలకు అదొక్కటే దిక్కు. గప్పీకి కాన్పుకూ కాన్పుకూ మధ్య 22 నుంచి 30 రోజులు పడుతుంది. ముందే తెచ్చి ఇరుకులో పెడితే తల్లి బెదిరి, పచ్చసొన సంచి ఇంకా కరగని పిల్లల్ని విడిచేస్తుంది. అవి బతకడం కష్టం. పొట్ట ముందునుంచి చూస్తే పలకలుగా కనిపించాలి, పొట్ట వెనక భాగంలోని మచ్చ బాగా నల్లబడాలి, చేప మూలకు చేరి మేత మానాలి. అప్పుడు కప్పుతో ముంచి మార్చండి, చేతివల వద్దు. ఈనాక పొట్ట పల్చబడగానే తల్లిని తీసేయండి. పెద్ద మోలీలకు ఈ పెట్టె అసలు పనికిరాదు. వాటికి మొక్కలు దట్టంగా ఉన్న వేరే తొట్టే కావాలి.

నాలుగైదు రోజులకే వల కళ్లకు జిగట పట్టి నీళ్లు ఆడటం తగ్గుతుంది. అక్కడితో దీని గొప్పతనం అయిపోయినట్టే. పిల్లల్ని కప్పులోకి తీసి, వలను ట్యాంకు నీళ్లలోనే మెత్తటి పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. సబ్బు తగలకూడదు. వల వదులుగా ఉంటే ఇంకో చిక్కు: పుట్టిన మొదటి గంటల్లో పిల్లలు అడుగునే పడి ఉంటాయి, కిందినుంచి పెద్ద చేపలు తోకలు కొరికేస్తాయి. కాబట్టి వలను బిగువుగా తొడగాలి. స్పాంజ్ ఫిల్టర్ బుడగలకు కాస్త దూరంలో తగిలిస్తే చాలు, ఉధృతి ఎక్కువైతే పిల్లలు అలసిపోతాయి.

మేత దగ్గర వల ఓడిపోతుంది. పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్య) అప్పుడే పొదిగినప్పుడు అర మిల్లీమీటరు కూడా ఉండదు, వల కళ్లలోంచి బయటికి ఈదిపోయి పెద్ద చేపల నోట పడుతుంది. ఫిల్టర్‌ను పది నిమిషాలు ఆపి, డ్రాపర్‌తో కొద్దికొద్దిగా రోజుకు నాలుగుసార్లు వేయడమే మార్గం. ఆపిన ఫిల్టర్ మళ్లీ వేయడం మరవకండి. ఆర్టీమియా పొదగడానికి లీటరు నీళ్లకు 25 గ్రాముల కల్లుప్పు, చిటికెడు వంటసోడా, అర చెంచా గుడ్లు కావాలి. 26–28 డిగ్రీల వేడి, పైన దీపం, అడుగునుంచి గట్టి గాలి ఉంటే 24 నుంచి 36 గంటల్లో పొదుగుతాయి. తర్వాత గాలి ఆపి పది నిమిషాలు ఆగితే పెంకులు పైకి తేలతాయి, పొదగని గుడ్లు అడుక్కి చేరతాయి. వెలుతురు దగ్గర గుమిగూడిన నారింజ రంగు ఆర్టీమియా పిల్లల్ని గొట్టంతో లాగి, మంచినీళ్లతో కడిగి వేయాలి. ఇంత శ్రమ వద్దనుకుంటే ఫ్లేక్ మేతను వేళ్ల మధ్య పొడిచేసి వేసినా పిల్లలు బతుకుతాయి, ఎదుగుదల నెమ్మదిస్తుంది అంతే. ఉడికించిన కోడిగుడ్డు సొన గురించి చాలామంది చెబుతారు. రెండు లీటర్ల నీళ్లను పాడుచేయడానికి అంతకు మించింది లేదు.

పన్నెండో రోజుకల్లా 30–40 లీటర్ల తొట్టి సిద్ధంగా ఉండాలి. అడుగున ఇసుక వద్దు, పాత ట్యాంకులో ఆడిన స్పాంజ్ ఫిల్టర్ ఒకటి చాలు. రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చాలి. బోరు నీళ్ల గట్టిదనం గప్పీలకు నప్పుతుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు మూత లేకుండా ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. నాలుగో వారం నుంచి పొట్ట వెనక ఉండే కింది రెక్క చూస్తుండండి. విసనకర్రలా విచ్చుకునే ఉంటే ఆడది, సన్నగా పుల్లలా మారుతుంటే మగది. వెంటనే వేరుచేయాలి. ఒక్కసారి కలిస్తే ఆడచేప ఆ వీర్యాన్ని నెలల తరబడి దాచుకుని, మగచేప లేకుండానే మళ్లీ మళ్లీ ఈనుతుంది.

కొనేటప్పుడు వల చట్రంనుంచి ఊడి వస్తుందో లేదో చూడండి. కుట్టేసిన రకాన్ని సరిగా కడగలేం, మూలల్లో విడిన దారాలకు పిల్లలు చిక్కుకుంటాయి. తగిలించే కొక్కేలు సన్నటి అద్దానికే సరిపోతాయి, మందపాటి అద్దానికి లేదా అంచు పట్టీ ఉన్న ట్యాంకుకు ముందే కొలిచి చూసుకోండి. సక్షన్ కప్పులతో మాత్రమే నిలిచే రకం వద్దు. కొన్నాళ్లకు రబ్బరు గట్టిపడి, పెట్టె ఒక పక్కకు ఒరిగి పిల్లలన్నీ ట్యాంకులో కలుస్తాయి.