బోర్డు లేని గది: ఏఏ మీటింగ్‌లతో నాలుగేళ్లు

ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) అంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలిసే బృందం. అంతకు మించి దాని గురించి, వాళ్లు పాటించే పన్నెండు మెట్ల గురించి ఇక్కడ రాయను. అవి తెలుసుకోవడం కష్టం కాదు. మొదటి మీటింగ్ గదిలోకి అడుగు పెట్టడమే కష్టం. నన్ను ఇప్పటికీ బాధపెట్టే సాయంత్రం ఒకటుంది, అది చెప్పాలనే రాస్తున్నాను.

ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయి ఆరు రోజులు. ఫోన్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిన జాబితాలో ఒక చిరునామా దొరికింది: సికింద్రాబాద్‌లో ఒక బడి గది, సాయంత్రం ఏడు గంటలకు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో మారి, ప్యారడైజ్‌లో దిగాను. వెళ్లేసరికి గేటుకు తాళం. వాచ్‌మన్ వచ్చి "ఏం మీటింగు సార్?" అని అడిగాడు. రోడ్డు మీద జనం ఉన్నారు. నా నోట ఆ మాట రాలేదు. "ఏదో ప్రార్థన మీటింగ్" అన్నాను. "అసుమంటివి ఈడ ఏం లేవు సార్" అని కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా వైన్ షాపు, దాని పక్కన పర్మిట్ రూమ్ లైట్లు. ఆ రాత్రి తాగాను. ఆరు రోజులూ పోయాయి.

మూడు రోజుల తర్వాత అదే జాబితా చివర ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తిన మనిషి నా పేరు అడగలేదు. "అన్నా, ఇయ్యాల తాగిండ్రా?" అన్నాడు. లేదన్నాను. "అయితే మెట్రో మెట్ల కాడికి రండ్రి, నేనొస్త. చేతిల హెల్మెట్ ఉంటది" అన్నాడు. వచ్చాడు. గది రెండు వీధుల అవతలికి మారి చాలా నెలలైందట. దారిలో అదే బడి ముందు ఆగి వాచ్‌మన్‌ను పలకరించాడు. వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి "మందు బంద్ జేసిన సార్ల మీటింగా? ఆ రోజు ప్రార్థన అంటిరి గద సార్" అన్నాడు. వీళ్లందరూ అతనికి తెలుసు, ఒకే హోటల్లో టీ తాగుతారు. నేను ఒక్క మాట నిజం చెప్పి ఉంటే ఆ సాయంత్రమే దారి చూపించేవాడు.

కొత్తలో, గది బయట ఒక చిన్న బోర్డు పెడితే ఏం పోయింది అని కోపంగా ఉండేది. కొన్ని వారాల తర్వాత చూస్తే, మా ఆఫీసులో పనిచేసే ఒకాయన ఇల్లు ఆ సందులోనే ఉంది. బోర్డు ఉంటే నేను లోపలికి వెళ్లేవాడినే కాదు. పేరు బయటపడకుండా చూడడమే వీళ్ల పునాది. కాబట్టి ఆ కోపం పోయింది. పాత చిరునామాలను అలాగే వదిలేసేవాళ్ల మీద మాత్రం పోలేదు. డిశ్చార్జ్ అయి ఆరో రోజున వెతుక్కుంటూ వచ్చే మనిషికి తాళం వేసిన గేటు ఎంత ప్రమాదమో వాళ్లకు తెలియాలి.

గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, టీ. మాట్లాడమని ఎవరూ బలవంతపెట్టరు. మొదటి నెల "ఇవాళ వింటాను" అని మాత్రమే అన్నాను, ఎవరూ ఏమీ అనుకోలేదు. ఫీజు లేదు. చివర్లో ఒక డబ్బా తిప్పుతారు, ఉన్నవాళ్లు వేస్తారు. బయటివాళ్ల డబ్బు తీసుకోరు. జేబులో ఏమీ లేని రోజుల్లో ఆ డబ్బాను పక్కవాళ్లకు అందించాను, ఎవరూ నా వైపు చూడలేదు.

మొదటి ఏడాది నేను అందరికీ "ఏ మీటింగ్ అయినా ఒకటే, వెళ్లండి" అని చెప్పేవాడిని. ఇప్పుడు అలా చెప్పను. ఒక చోట అంతా ఇంగ్లీషులో సాగేది. నాకు అర్థమవుతుంది. కానీ బిడ్డ స్కూలు ఫీజు తాగేశానని ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాలేదు. తెలుగు మాట్లాడే గదిలో అది ఒక్క వాక్యంలో బయటికి వచ్చింది, ఆ తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఆడవాళ్ల సంగతి కూడా ముందే అడగాలి. నేను వెళ్లే గదిలో చాలా రోజులు ఒక్క ఆవిడ కూడా ఉండరు. ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరుగా ఉంది. మా ఆవిడ కొన్నాళ్లు వెళ్లింది. అక్కడ ఏం మాట్లాడిందో నేను అడగలేదు, తను చెప్పలేదు.

నాకు ఇది పనిచేసిందంటే అందులో నా పరిస్థితుల పాలు చాలా ఉంది. డ్యూటీ ఆరింటికి అయిపోతుంది, ఇల్లు మెట్రోకు దగ్గర, ఆ రోజుల్లో ఇంటిని మా ఆవిడ నడిపింది. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు సాయంత్రం మీటింగ్ కుదరదు. వాళ్లకు జూమ్ మీటింగ్‌లు ఉన్నాయి, ఊరికి వెళ్లినప్పుడు నేనూ వాటిలోనే కూర్చుంటాను. కానీ గదిలో ఉన్నంత ధైర్యం నాకు అక్కడ రాదు. మొన్న పాప పరీక్షల టెన్షన్‌లో మూడు వారాలు ఎక్కడికీ వెళ్లలేదు. తాగలేదు గానీ రాత్రుళ్లు నిద్ర పట్టలేదు.

ఇంకొక్క మాట. రోజూ తాగే మనిషి, తెల్లారితే చేతులు వణికే మనిషి ఒక్కసారిగా మానేసి నేరుగా మీటింగ్‌కు రాకూడదు. ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. ముందు డాక్టరును కలవాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు.

మీటింగ్‌కు బయల్దేరే ముందు ఫోన్ చేసి, గది అక్కడే ఉందో లేదో కనుక్కోండి. ఎవరూ ఎత్తకపోతే, గేటు దగ్గర ఉన్న మనిషిని "మందు మానేసినవాళ్ల మీటింగ్ ఎక్కడ?" అనే అడగండి.